ఇసుక చేసే పని

జగిత్యాలలోనో కోరుట్లలోనో సిరిసిల్లలోనో ఎవరింటికైనా వెళ్తే, హాల్లో అక్వేరియం ఉందంటే లోపల ఏముంటుందో చూడకుండానే చెప్పొచ్చు. అడుగున నీలం, గులాబీ రంగు గులకరాళ్ళు. వాటిలో గుచ్చిన ప్లాస్టిక్ మొక్కలు. ఒక మూల యూరప్ కోట బొమ్మ, ఇంకో మూల మూత తెరుస్తూ మూస్తూ బుడగలు వదిలే నిధిపెట్టె. వెనక అద్దానికి సముద్రం పోస్టర్. మధ్యలో రెండు గోల్డ్‌ఫిష్‌లు. మంచినీటి చేపల వెనక సముద్రం బొమ్మ ఎందుకని ఎవరూ అడగరు.

ఈ హాబీలోనే ఇంకో దారి పట్టినవాళ్ళున్నారు. రంగురాళ్ళు తీసేసి ఇసుక పోస్తారు. ప్లాస్టిక్ మొక్కలు పారేసి బతికున్న మొక్కలు నాటుతారు. వీడియోల్లో చూస్తే ఇదేదో జపాన్ నుంచి దిగిన కొత్త ఫ్యాషన్‌లా అనిపిస్తుంది. కానీ అక్వేరియం పుట్టిన రోజున అందులో ఉన్నవి ఇసుకా మొక్కలే. రంగురాళ్ళే తర్వాత వచ్చాయి. ఇసుక ఎందుకు పోయింది, మళ్ళీ ఎందుకు వచ్చింది అనే కథ లండన్‌లో మొదలవుతుంది గానీ, అక్కడే ఆగదు. మన మానేరు వాగు దాకా వస్తుంది.

ఒక కుండ, రెండు చేపలు, కొన్ని నత్తలు

1849 మే నెల. లండన్‌లోని అపోతికరీస్ హాల్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. పన్నెండు గ్యాలన్ల గాజుపాత్ర తీసుకుని అడుగున ఇసుక, బురద వేశాడు. వాటి మీద కొన్ని రాళ్ళు పేర్చాడు. ఊటనీళ్ళు పోసి, వాలిస్నేరియా అనే నీటిమొక్క నాటాడు. రెండు చిన్న గోల్డ్‌ఫిష్‌లను వదిలాడు.

ఆయన చూడదలుచుకున్నది ఒకటే. చేప ప్రాణవాయువు పీల్చి బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. మొక్క వెలుతుర్లో దానికి ఎదురు పని చేస్తుంది. అలాంటప్పుడు ఈ రెండింటినీ ఒకే పాత్రలో పెడితే, నీళ్ళు మార్చకుండానే బతుకుతాయా? కొన్నాళ్ళు బాగానే బతికాయి. తర్వాత మొక్క పాత ఆకులు కుళ్ళడం మొదలైంది, నీళ్ళు మసకబారాయి, గాజు మీద పాచి పట్టింది. అప్పుడాయన చెరువుల్లో దొరికే నత్తలు ఐదారు తెచ్చి వేశాడు. అవి కుళ్ళిన ఆకుల్ని తినేశాయి. నీళ్ళు తేటపడ్డాయి. మరుసటి ఏడాది, 1850లో, కెమికల్ సొసైటీకి ఈ సంగతి రాసిచ్చాడు.

ఆ రోజులు ఇలాంటి ప్రయోగానికి అనువైనవి. ఇంగ్లండ్‌లో గాజు మీద పన్ను 1845లో ఎత్తేశారు, గాజు చవకైంది. అంతకుముందే నతానియల్ వార్డ్ అనే డాక్టర్ మూతపెట్టిన గాజుపెట్టెలో మొక్కలు ఏళ్ళ తరబడి బతుకుతాయని చూపించాడు. 1853లో లండన్ జూలో చేపల కోసమే ఒక భవనం తెరిచారు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త ‘ది అక్వేరియం’ అనే పుస్తకం వేశాడు. ఆ మాట జనం నోట్లో పడింది ఆ పుస్తకంతోనే. మన దగ్గరికి వచ్చేసరికి కొంత ఆలస్యమైంది. 1909లో మద్రాసు మెరీనాలో ఒక అక్వేరియం తెరిచారు, 1951లో బొంబాయిలో తారాపూర్‌వాలా అక్వేరియం వచ్చింది.

వారింగ్టన్ లెక్కలో మూడే పాత్రలున్నాయి: చేప, మొక్క, నత్త. అడుగున పోసిన ఇసుకా బురదా ఆయన దృష్టిలో మొక్క నిలబడటానికి ఒక చోటు, అంతే. నాలుగో పాత్ర అక్కడే ఉందని ఆయనకు తెలిసే అవకాశం లేదు. అది కనిపించడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది.

మీటరు పొడవు గొట్టం

1877లో ఫ్రాన్స్‌లో ష్లోజింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మీటరు పొడవున్న ఒక గాజు గొట్టం తీసుకున్నారు. బాగా కాల్చిన ఇసుకలో కొంచెం సున్నపురాయి పొడి కలిపి దాన్ని నింపారు. పైనుంచి మురుగునీళ్ళు బొట్టు బొట్టుగా పోశారు. ఇరవై రోజుల పాటు ఏమీ జరగలేదు. పైన పోసిన అమోనియా అలాగే కింద నుంచి వచ్చింది. ఆ తర్వాత కింద నుంచి నైట్రేట్ రావడం మొదలైంది, అమోనియా మాయమైంది.

ఇది ఉత్త రసాయన చర్య అయితే మొదటి రోజే జరగాలి. ఇరవై రోజులు ఎందుకు ఆగింది? గొట్టంలోకి క్లోరోఫాం ఆవిరి పంపి చూశారు. మత్తుమందుకి పని ఆగిపోయింది. కొంచెం మట్టి కడిగిన నీళ్ళు పోస్తే మళ్ళీ మొదలైంది. అంటే ఇసుకలో ఎవరో ఉన్నారు. వాళ్ళు కాపురం పెట్టడానికే ఆ ఇరవై రోజులు పట్టింది.

ఈ వార్త చదివి, ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో అదే విషయం మీద ఏళ్ళ తరబడి పనిచేసిన ఆయన పేరు కూడా రాబర్ట్ వారింగ్టనే. మన గాజుపాత్ర వారింగ్టన్ కొడుకు. తండ్రి గోల్డ్‌ఫిష్‌లను వదిలినప్పుడు పదేళ్ళవాడు. ఈ పని రెండు అంచెల్లో జరుగుతుందని, ఒక రకం జీవులు అమోనియాను నైట్రైట్‌గా, ఇంకో రకం జీవులు దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయని కొడుకు తేల్చాడు. ఆ బ్యాక్టీరియాను విడిగా పట్టుకోవడం మాత్రం ఆయన వల్ల కాలేదు. 1890లో రష్యన్ శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ ఆ పని చేశాడు.

తండ్రి పాత్ర అడుగున పోసిందేమిటో కొడుకు పొలం మట్టిలో కనిపెట్టాడన్నమాట. చేప వదిలే అమోనియా చేపకే విషం. నైట్రైట్ కూడా విషమే. నైట్రేట్ అంత ప్రమాదం కాదు, పైగా మొక్కకు తిండి. అమోనియా నుంచి నైట్రేట్ దాకా జరిగే ప్రయాణమంతా ఇసుక రేణువుల మీద, రాళ్ళ మీద, అద్దం మీద అంటుకుని ఉండే కంటికి కనిపించని బ్యాక్టీరియా చేతిలో ఉంది. కొత్త అక్వేరియంలో మొదటి నెలలోనే చేపలు చచ్చిపోవడానికి తరచుగా ఇదే కారణం. గొట్టంలో ఇరవై రోజుల లాంటి కాలం అక్కడా గడవాలి. షాపులో తొట్టి, చేపలు ఒకే రోజు కొనుక్కొచ్చి ఒకే రోజు వదిలేస్తాం. చేప కంటే ముందు రావలసినవాళ్ళు ఇంకా రాలేదు.

మరి ఇంత తెలిశాక ఇసుకను ఎందుకు వదిలేశారు? 20వ శతాబ్దంలో ఇంటికి కరెంటు వచ్చింది, గాలి పంపు వచ్చింది. 1950ల నుంచి, అడుగున చిల్లుల పళ్ళెం పెట్టి దాని మీద గులకరాళ్ళు పోసి వాటి గుండా నీళ్ళు లాగే ఫిల్టర్ బాగా వాడుకలోకి వచ్చింది. దానికి ఇసుక పనికిరాదు, చిల్లులు మూసుకుపోతాయి. రాళ్ళు కావాలి. రాళ్ళెలాగూ కావాలి కాబట్టి వాటికి రంగులేశారు. చిల్లుల పళ్ళెం మీద మొక్కల వేళ్ళు సరిగ్గా నిలవవు కాబట్టి ప్లాస్టిక్ మొక్కలు. సిలికాన్ జిగురుతో అతికించిన అద్దాల తొట్టి 1960ల తర్వాత చవగ్గా వచ్చింది. ఇదంతా కలిసి ఒక సెట్‌గా ఊరూరికీ చేరింది. కొన్నాళ్ళకి ఆ ఫిల్టర్ పోయింది, మోటారు ఫిల్టర్ వచ్చింది. రాళ్ళు మాత్రం అలవాటుగా ఉండిపోయాయి.

తిరుగుబాట్లు రెండు వైపుల నుంచి వచ్చాయి. జపాన్‌లో తకాషి అమానో అనే ఫొటోగ్రాఫర్ తొట్టిలో కొండలూ పచ్చికబయళ్ళూ పెంచి, 1992లో ‘నేచర్ అక్వేరియం వరల్డ్’ పుస్తకంతో ప్రపంచాన్ని తిప్పుకున్నాడు. ఆయన పద్ధతి అందమైనది, ఖరీదైనది. ప్రత్యేకమైన లైట్లు కావాలి, సిలిండర్‌లో బొగ్గుపులుసు వాయువు కావాలి. అమెరికాలో డయానా వాల్‌స్టాడ్ 1999లో రాసిన పుస్తకం దీనికి పూర్తిగా వేరు. అడుగున మామూలు మట్టి, పైన పలచగా చిన్న రాళ్ళో ఇసుకో, కిటికీ వెలుతురు, దండిగా మొక్కలు, చేపలు తక్కువ. దాదాపు 150 ఏళ్ళకి వారింగ్టన్ పాత్ర దగ్గరికే మళ్ళీ వచ్చినట్టు. మన కళ్ళతో చూస్తే అది చిన్న సైజు చెరువు.

చెలిమ

ఇసుక నీళ్ళను బాగుచేస్తుందని తెలుసుకోవడానికి మానేరు ఒడ్డున ఎవరికీ గాజు గొట్టం అవసరం రాలేదు. ఎండాకాలం వాగు ఎండిపోతుంది. పైకి చూస్తే అంతా ఉసికె. రెండు మూడు అడుగులు చేత్తో తోడితే అడుగున నీళ్ళు ఊరతాయి. మొదట వచ్చే మబ్బునీళ్ళు తోడి పారబోస్తారు. కాసేపు ఆగితే తేటనీళ్ళు నిండుతాయి. అదే చెలిమ. గిన్నెతో ముంచి, గుడ్డ పెట్టి బిందెలో వడగడతారు. తోడిన కొద్దీ ఊరుతుంది.

ఇసుక ఇక్కడ రెండు పనులు చేస్తోంది. రేణువుల మధ్య ఖాళీల్లో నీళ్ళు దాచి, ఎండకు ఆవిరి కాకుండా కాపాడుతోంది. ఆ నీళ్ళు నెమ్మదిగా కదిలే దారిలో మలినాలను పట్టి ఉంచి, అక్కడ కాపురమున్న జీవులకు అప్పగిస్తోంది. 1829లో లండన్‌లో చెల్సీ వాటర్‌వర్క్స్ కోసం ఇంజనీర్ జేమ్స్ సింప్సన్ కట్టిన ఇసుక ఫిల్టర్‌లో జరిగేదీ ఇదే. ఇసుక పైపొరలో జిగటగా ఒక పాచి పట్టి, నీళ్ళలోని క్రిముల్ని అదే తినేస్తుంది. ఆ సంగతి మొదట్లో వాళ్ళకీ తెలియదు. నీళ్ళు తేటగా రావడమే చూశారు.

దాని విలువ తెలిసింది 1892లో. జర్మనీలో హాంబర్గ్, ఆల్టోనా పక్కపక్క ఊళ్ళు, ఒకే నది నీళ్ళు తాగేవి. హాంబర్గ్ నీళ్ళను వడకట్టకుండా పంపేది. దిగువనున్న ఆల్టోనా, పై ఊరి మురుగు కలిసిన నీళ్ళనే ఇసుక గుండా వడకట్టి పంపేది. ఆ ఏడాది కలరాకు హాంబర్గ్‌లో ఎనిమిది వేల మందికి పైగా చనిపోయారు. ఆల్టోనా చాలావరకు బయటపడింది. రెండు ఊళ్ళ మధ్య తేడా ఇసుకే.

మానేరు ఇసుకకి ఇంకో గుణం ఉంది. కరీంనగర్ చుట్టుపక్కలంతా గ్రానైట్ దేశం. ఇక్కడి ‘టాన్ బ్రౌన్’ రాయి విదేశాల వంటగదుల దాకా వెళ్ళింది. వాగులో పడి వచ్చే ఇసుక ఆ రాళ్ళు కోట్ల వాన చినుకులకు అరిగి రాలినదే. అందులో ఎక్కువ పలుగురాయి రేణువులే కాబట్టి నీళ్ళలో కరగదు, నీటి గుణం మార్చదు. అక్వేరియానికి సరిగ్గా కావలసింది ఇలాంటి ఇసుకే. సముద్రపు ఇసుకలో గుల్లల సున్నం ఉంటుంది, నీళ్ళను గట్టిపరుస్తుంది. పరీక్ష సులువు. చారెడు ఇసుక మీద నిమ్మరసమో వెనిగరో పోసి చూడండి. బుడగలొస్తే సున్నం ఉన్నట్టు.

మన నాచు, వాళ్ళ మొక్క

ఇసుక తర్వాత మొక్కలు. అక్వేరియం షాపు జాబితాలో ఉండే పేర్లు చూస్తే బ్రెజిల్‌లోనో జావాలోనో ఉన్నట్టుంటుంది. వాటిలో చాలా మొక్కలు మన గొలుసుకట్టు చెరువుల్లో ఉన్నాయి. వారింగ్టన్ వాడిన వాలిస్నేరియా జాతి మొక్క మన కాలువల్లో సన్నటి రిబ్బన్లలా ప్రవాహం వైపు వాలి ఉంటుంది. దాని ఆడపువ్వు స్ప్రింగులాంటి కాడ మీద నీటి పైకి వస్తుంది. మగపువ్వులు అడుగున తెగిపోయి పైకి తేలి, గాలికి కొట్టుకుంటూ వెళ్ళి దాన్ని తాకుతాయి. తర్వాత కాడ చుట్టలు చుట్టుకుని పువ్వును మళ్ళీ కిందికి లాక్కుంటుంది. హైడ్రిల్లా, కలువ, నాలుగాకుల మార్సీలియా, రోటాలా, అన్నీ ఇక్కడివే.

మనం వీటిలో ఎక్కువ వాటిని కలిపి ‘నాచు’ అనేస్తాం. వలకు చుట్టుకుంటుంది, తూముకు అడ్డం పడుతుంది. చేపలు పట్టేవాళ్ళకీ నీరటికీ ఇద్దరికీ తలనొప్పి. అయినా తీసి గట్టు మీద వేస్తే పశువులు తింటాయి, ఎండితే ఎరువవుతుంది. ఉత్తర భారతంలో ఖండసారి చక్కెర తయారీలో ఇంకో వాడకం ఉండేది. చక్కెర గంపల మీద తడి నాచు పరిచేవాళ్ళు. దాని తేమ మెల్లగా కిందికి దిగుతూ మడ్డిని కడిగేసి చక్కెరను తెల్లగా చేసేది.

తెలుగునేల మొక్కల్ని పేర్లతో సహా కాగితం మీద పెట్టినవాళ్ళలో ముఖ్యుడు విలియం రాక్స్‌బర్గ్. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా సామర్లకోటలో ఉండి, స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు వేయించి, ఇక్కడివాళ్ళు పిలిచే పేర్లు రాసుకున్నాడు. ఆయన ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ 1795 నుంచి భాగాలుగా అచ్చయింది. 1859లో వాల్టర్ ఇలియట్ ‘ఫ్లోరా ఆంధ్రిక’ పేరుతో తెలుగు పేర్ల జాబితానే వేశాడు. ఆ పని చేసినవాళ్ళకి చెరువులో ఉన్నదంతా ఒకటే నాచులా కనిపించలేదు.

నత్త సంగతి కూడా చెప్పాలి. ఇసుక తొట్టి పెట్టేవాళ్ళు ‘మలేషియన్ ట్రంపెట్ నత్త’ కొనుక్కుంటారు. పొడవాటి శంఖంలా ఉంటుంది, పగలు ఇసుకలో దూరి కలియబెడుతుంది, ఇసుక గడ్డకట్టకుండా చూస్తుంది. దీనికి మొదట శాస్త్రీయ నామం పెట్టింది 1774లో, డెన్మార్క్ శాస్త్రవేత్త ముల్లర్. నమూనా వచ్చింది కోరమాండల్ తీరం నుంచి. మన వాగుల్లో కాళ్ళకు తగిలే నత్త అదే. మలేషియా పేరు పెట్టుకుని ప్యాకెట్‌లో తిరిగొస్తోంది.

ఇక్కడిది అక్కడికి వెళ్తే ఏమవుతుందో చెప్పే కథ హైడ్రిల్లాది. 1950లలో అక్వేరియం వ్యాపారులు దాన్ని అమెరికాలో ఫ్లోరిడాకు తీసుకెళ్ళారు. తొట్టిలో అందంగా పెరిగింది. తర్వాత కాలువల్లో పడింది. 1960లో బయటి నీళ్ళలో కనిపించింది. ముక్క తెగితే ముక్క మొక్కవుతుంది, మట్టిలో దుంపలు దాచుకుంటుంది. ఇప్పుడు ఆ రాష్ట్రంలో అన్నిటికంటే ఖర్చు పెట్టించే నీటి కలుపు మొక్కల్లో అదొకటి. అటు నుంచి ఇటు వచ్చిన కథ మనకు కళ్ళ ముందే ఉంది. దక్షిణ అమెరికా గుర్రపు డెక్క 19వ శతాబ్దం చివర్లో పువ్వు బాగుందని బెంగాల్‌కు వచ్చింది. నదులూ వరిపొలాలూ మూసుకుపోతుంటే 1936లో బెంగాల్‌లో దాని మీద ప్రత్యేకంగా ఒక చట్టమే చేశారు. అది ఇప్పుడు మన చెరువులన్నిటిలో ఉంది. అక్వేరియంలో పాచి తింటుందని కొనే నోటి జలగ లాంటి సక్కర్ చేప, పెరిగి పెద్దదయ్యాక చెరువులోకి చేరి, రెండు రాష్ట్రాల మత్స్యకారుల వలల్ని చింపుతోంది. దాన్ని ‘దెయ్యం చేప’ అంటున్నారు.

గాస్ కొడుకు చెప్పిన మాట

‘ది అక్వేరియం’ రాసిన ఫిలిప్ గాస్ దగ్గరికి ఒకసారి వెనక్కి వెళ్దాం. ఆయన పుస్తకాలు చదివి ఇంగ్లండ్‌లో జనం సముద్రం ఒడ్డుకు ఎగబడ్డారు. రాళ్ళ మధ్య నీటి గుంటల్లోని పూలజీవుల్ని, పీతల్ని, గవ్వల్ని ఏరుకుని ఇళ్ళకు పట్టుకెళ్ళారు. ఆయన కొడుకు ఎడ్మండ్ గాస్ చిన్నప్పుడు తండ్రి వెంట ఆ గుంటల్లో తిరిగాడు. 1907లో వచ్చిన ‘ఫాదర్ అండ్ సన్’ పుస్తకంలో ఆ తీరం పాడైన తీరు రాశాడు. యుగాల నుంచి చెక్కుచెదరకుండా ఉన్న ఆ గుంటలు ఒక తరంలో ఖాళీ అయ్యాయని, తన తండ్రి రాతలే దానికి దారి చూపాయని, ఆ బాధ తండ్రికీ ఉండేదని చెప్పాడు. ప్రకృతిని ఇంట్లో పెట్టుకోవాలన్న ప్రేమే ప్రకృతిని ఖాళీ చేసింది.

ఈ ఎడ్మండ్ గాస్ మనకు ఇంకో రకంగా తెలుసు. 1895లో హైదరాబాద్ నుంచి పదహారేళ్ళ అమ్మాయి చదువు కోసం ఇంగ్లండ్ వెళ్ళింది. తను రాసిన ఇంగ్లిష్ పద్యాల కట్ట గాస్‌కు చూపించింది. ఛందస్సు బాగుంది, భాష బాగుంది. అయితే పద్యాల నిండా ఇంగ్లండ్ పిట్టలూ ఇంగ్లండ్ పూలూ. ఆయన అవన్నీ పక్కన పడేయమన్నాడు. నీ దేశపు కొండలు, పూలు, పండ్లు, గుళ్ళు, మనుషులు ఎక్కడ అని అడిగాడు. ఆ అమ్మాయి సరోజినీ చట్టోపాధ్యాయ, తర్వాతి సరోజినీ నాయుడు. 1905లో వచ్చిన ‘ది గోల్డెన్ త్రెషోల్డ్’ను గాస్‌కే అంకితమిచ్చింది. 1912లో ‘ది బర్డ్ ఆఫ్ టైమ్’కు ముందుమాట రాస్తూ గాస్ ఈ సంగతంతా చెప్పాడు.

ఒక తెల్లదొర ఒక భారతీయ కవయిత్రికి నువ్వు ఫలానావే రాయాలని చెప్పడంలో ఉన్న పెద్దరికం గురించి చాలామంది విమర్శకులు రాశారు, అందులో న్యాయముంది. అయినా అక్వేరియం ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి ఆ మాట అనడం ఆలోచించదగ్గదే. సరోజిని తొలి పద్యాల్లోని ఇంగ్లండ్ పిట్టకీ, కోరుట్ల హాల్లో నీళ్ళలో మునిగిన యూరప్ కోటకీ చుట్టరికం ఉంది. కిటికీ బయట జగిత్యాల కోట నిజంగానే ఉంది, 18వ శతాబ్దం నాటిది, దాని చుట్టూ నిజమైన కందకం ఉంది. తొట్టిలో ఇంకెవరిదో కోట ఎందుకు?

లారీలో ఇసుక

ఏదో ఒక కోట బొమ్మ గురించి మాత్రమే అయితే ఈ కథ ఇంత దూరం తేవక్కర్లేదు. ఇసుక దగ్గరికి వచ్చేసరికి మనిషి ప్రాణం ఉంది.

సిరిసిల్ల ప్రాంతం చాలా ఏళ్ళుగా ఇసుక లారీల దారి. పట్నంలో లేచే ప్రతి అపార్ట్‌మెంట్‌కీ ఇసుక కావాలి, మానేరు ఇసుక కాంక్రీటుకీ మంచిదే. 2017 జులైలో తంగళ్ళపల్లి మండలం నేరెళ్ళ దగ్గర ఇసుక లారీ గుద్ది ఒకాయన చనిపోయాడు. అప్పటికే లారీలతో విసిగిపోయిన జనం లారీలకు నిప్పు పెట్టారు. తర్వాత పోలీసులు కొందరిని పట్టుకెళ్ళారు. వాళ్ళలో దళితులు ఎక్కువ. తమను చిత్రహింసలు పెట్టారని వాళ్ళు ఆరోపించారు, అది రాష్ట్రమంతా పెద్ద వివాదమైంది. నేరెళ్ళ అంటే ఇప్పటికీ చాలామందికి గుర్తొచ్చేది అదే.

చట్టం లేక కాదు. 2002లో వచ్చిన వాల్టా చట్టం పేరులోనే నీరు, భూమి, చెట్లు కలిపి ఉన్నాయి. దాని కింద ఇసుక ఎంత మందం ఉన్నచోట ఎంత లోతు తవ్వొచ్చో, వంతెనలకూ కట్టలకూ ఎంత దూరంలో తవ్వాలో నియమాలున్నాయి. 2012లో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, చిన్న చిన్న లీజులకు కూడా పర్యావరణ అనుమతి తప్పదంది. తెలంగాణ 2015లో కొత్త ఇసుక నిబంధనలు తెచ్చింది, ఖనిజాభివృద్ధి సంస్థ ద్వారా ఆన్‌లైన్ అమ్మకం పెట్టింది. ఇవన్నీ ఇసుకను టన్నుల్లో, ఘనపు మీటర్లలో లెక్కిస్తాయి. లెక్కపెట్టాలంటే అదే దారి. ఆ లెక్కలో చెలిమ ఎక్కడా కనిపించదు.

వాగులో ఇసుక ఒక మీటరు తగ్గిందంటే పక్క ఊరి బావిలో నీళ్ళు కూడా దాని వెంట దిగుతాయి. వానాకాలం వచ్చిన వరద ఆగి ఇంకడానికి చోటుండదు, జారిపోతుంది. బండ తేలినచోట చెలిమ తవ్వలేం. ఆనకట్టలు కట్టాక పైనుంచి కొత్త ఇసుక దిగిరావడం కూడా తగ్గుతుంది, అది జలాశయంలోనే ఆగిపోతుంది. మానేరు మీద నర్మాల దగ్గర ఎగువ మానేరు నిజాం కాలం నుంచీ ఉంది. కరీంనగర్ దగ్గర దిగువ మానేరు, మధ్యలో మాన్వాడ దగ్గర మిడ్ మానేరు తర్వాత వచ్చాయి. వాటివల్ల పొలాలకు నీళ్ళొచ్చాయి, అది చిన్న విషయం కాదు. అయితే ఇసుక అనేది వాన పడితే మళ్ళీ వచ్చేదన్న ధీమా ఇప్పుడు చెల్లదు.

ఇందులో అక్వేరియం వాటా ఎంత? లెక్క వేద్దాం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు తొట్టిలో రెండంగుళాల మందం ఇసుకకు పధ్నాలుగు కిలోలు చాలు. ఒక లారీలో టన్నులు పడుతుంది. ఆ పధ్నాలుగు కిలోలకు వాగు దాకా వెళ్ళక్కర్లేదు, ఇల్లు కడుతున్న చోట ఒక బకెట్ అడిగితే ఇస్తారు. కాబట్టి ఇక్కడ నేరం తొట్టిది కాదు. తొట్టి చేసే మేలు వేరే. లారీలో పోతున్నది ఏమిటో అది గాజు వెనక నుంచి చూపిస్తుంది.

మార్చేటప్పుడు

ఇసుకకు మారాలనుకునేవాళ్ళు రాళ్ళన్నీ ఒకేసారి తీసేస్తే చేపలు చచ్చిపోవచ్చు. ఎందుకో ఇప్పుడు చెప్పనక్కర్లేదు. ఆ రాళ్ళకు అంటుకుని ఉన్నవాళ్ళే ఇన్నాళ్ళూ అమోనియాను తింటున్నారు. అందుకే సగం తీసి, మిగతా వాటిలో కొన్ని వల సంచిలో వేసి నెలన్నర పాటు తొట్టిలోనే ఉంచాలి. ఫిల్టర్‌లోని స్పాంజిని కుళాయి నీళ్ళ కింద కడక్కూడదు, మిషన్ భగీరథ నీళ్ళలోని క్లోరిన్ ఆ జీవుల్ని చంపేస్తుంది. తొట్టి నుంచి తీసిన నీళ్ళలోనే పిండాలి. కొత్తగా పోసే నీళ్ళు క్లోరిన్ పోయాకే పోయాలి.

ఇసుకను బకెట్లో వేసి, బియ్యం కడిగినట్టు కడగాలి. పది పదిహేను సార్లకు గానీ నీళ్ళు తేటపడవు. మొదట వాలిస్నేరియా లాంటి మొండి మొక్కలు నాటాలి. కాడ మొదలు ఇసుకలో పూడకూడదు, వేళ్ళు మాత్రమే పూడాలి. చెరువు నుంచి మొక్క తెచ్చుకుంటే లేత గులాబీ రంగు పర్మాంగనేట్ నీళ్ళలో పది నిమిషాలు ముంచి, కడిగి వేయాలి. లేకపోతే జలగలూ, చేపపిల్లల్ని తినే తూనీగ పిల్లలూ వెంట వస్తాయి. లైటు రోజుకు ఏడెనిమిది గంటలు చాలు.

తొట్టి వద్దనుకున్న రోజు ఒకటొస్తుంది. బదిలీ అవుతుంది, పెళ్ళవుతుంది, గల్ఫ్ ప్రయాణం వస్తుంది. ఆ రోజు చేపల్నీ మొక్కల్నీ చెరువులో వదిలి దండం పెట్టడం పుణ్యం అనిపిస్తుంది. వదలకూడదు. ఇంకొకరికి ఇవ్వాలి, షాపుకు తిరిగివ్వాలి. మొక్కలైతే ఎండబెట్టి పారేయాలి. బతుకమ్మలను సాగనంపే ఆ నీళ్ళలోకి ఫ్లోరిడా కథ మళ్ళీ రాకూడదు.

ఇసుక పోసిన మొదటి రెండు వారాలు తొట్టి అందంగా ఉండదు. నీళ్ళు మబ్బుగా ఉంటాయి, అద్దానికి గోధుమరంగు పాచి పడుతుంది, మొక్కలు పాత ఆకులు రాల్చేస్తాయి. చాలామంది ఇక్కడే విసిగి మళ్ళీ నీలం రాళ్ళు పోసేస్తారు. ఆగినవాళ్ళకు ఐదారు వారాలకు ఒక పొద్దున నీళ్ళు చెలిమ నీళ్ళలా కనిపిస్తాయి. ఆ పని ఎవరు చేశారో ఎంత వంగి చూసినా కనిపించదు. మానేరులో లారీ నింపేటప్పుడు కూడా వాళ్ళు కనిపించరు.